నాలుగో బొమ్మ, మూడో గడి

రంగు అడిగేవాళ్లకు బొమ్మంటే ఏమిటో తెలియదని ముప్పై ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, మా ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాను.

నా పేరు పైడిరాజు. పేటెంటు బొమ్మలు గీస్తాను. విశాఖపట్నంలో ఒక మేడమీద, విఠల్ గారని ఒక పేటెంటు ఏజెంటు ఆఫీసు ఉంది. అందులో కిటికీ పక్క బల్ల నాది. ఒకాయన పనసకాయ కోసే యంత్రం చేస్తాడు, ఒకావిడ ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే కుండ చేస్తుంది. అది కనిపెట్టింది తామేనని, దాని మీద హక్కు తమదేనని దరఖాస్తు పెడతారు. ఆ దరఖాస్తులో రాతంతా విఠల్ గారిది, గీతంతా నాది. తెల్ల కాగితం, నల్ల సిరా, ఒక్కొక్క భాగానికీ ఒక అంకె. నీడ కావాలంటే చుక్కలు పెట్టుకోవాలి, కోసిన భాగం చూపాలంటే ఏటవాలు గీతలు గీసుకోవాలి. రంగు తప్పనిసరి అయితే, ఎందుకు తప్పనిసరో వివరిస్తూ వేరే అర్జీ పెట్టుకోవాలి. ముప్పై ఏళ్లలో మా ఆఫీసు నుంచి అలాంటి అర్జీ ఒక్కటి కూడా వెళ్లనివ్వలేదు. అదొక ఘనకార్యంలా చెప్పుకునేవాణ్ని.

డాక్టర్ కోమలి వచ్చిన రోజు నా బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా తెరిచి, అందులోంచి ఎర్రటి మొలతాడు తీసి పెట్టింది. నాకు నవ్వొచ్చింది. పంపులు గీశాను, పళ్లచక్రాలు గీశాను గానీ మొలతాడు గీయమన్నవాళ్లు అంతవరకు లేరు. ఆవిడ నా నవ్వును పట్టించుకోలేదు. ఒక సీసాలోని నీళ్లలాంటి ద్రవంలో తాడు ముంచి, విఠల్ గారితో మాట్లాడుతూ కూర్చుంది. కాఫీలు వచ్చి, తాగి, కప్పులు తీసుకెళ్లేలోపు ఎర్ర తాడు పసుపురంగుకు మారింది. ఇంకాసేపటికి ముదురు ఆకుపచ్చగా అయింది.

సీసాలో ఉన్నది కిడ్నీలు పాడైన మనిషి చెమటలాంటిదట, తన ప్రయోగశాలలో తయారుచేసింది. కిడ్నీలు వడకట్టలేని మలినం రక్తంలో పేరుకుంటుంది, అందులో కాస్త చెమటలోకీ వస్తుంది. జీడిమామిడి పళ్ల పిప్పి మీద పెరిగే ఒక బూజు నుంచి ఆవిడ తీసిన రంగు ఆ మలినాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నకొద్దీ మారుతుంది. తాడు ఎర్రగా ఉంటే మనిషి బాగున్నట్టు. పసుపు రంగులోకి వస్తే జాగ్రత్తపడాలి. ఆకుపచ్చ అయితే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి. మామూలు పరీక్షల్లో తేలడానికి చాలా ముందే తాడు చెప్పేస్తుందని ఆవిడ అంది.

మొలతాడే ఎందుకని విఠల్ గారు అడిగారు. చేతికి కట్టిన పట్టీని స్నానానికి వెళ్తూ తీసి గూట్లో పెడతారని, మొలతాడు మాత్రం మనిషి పోయాక తెంపేదాకా ఒంటినే ఉంటుందని చెప్పింది. ఆడవాళ్ల సంగతి తర్వాత చూస్తుందట, ముందు తోటల్లో ఎండకు మాడే మగవాళ్లు కదా పోతున్నది. వాళ్ల నాన్న మొలతాడు తెంపిన నాటికి ఆవిడకు పదహారేళ్లు. ఆయన పోయింది కిడ్నీలు పాడయ్యే.

నా నవ్వు ఆగిపోయింది. మా ఊరు కూడా ఆ జబ్బు ఉన్న వైపే. సముద్రానికి దగ్గరగా జీడితోటల మధ్య ఉంటుంది, పేరు బొడ్డవలస. మా ఊళ్లో అరవై దాటిన మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నీళ్లలో ఉందో, మట్టిలో ఉందో ఎవరూ తేల్చలేదు. నేను ఇరవై ఏళ్ల వయసులో పట్నం వచ్చేశాను. తమ్ముడు సూరప్పడు అక్కడే జీడితోటల్లో పని చేసుకుంటున్నాడు. వాడి భార్య దాలమ్మ ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త.

కోమలి తెచ్చిన బొమ్మల్లో నాలుగోది ఒక పట్టిక. పక్కపక్కన మూడు గడులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. దీన్ని మాత్రం రంగుల్లోనే పెట్టాలని అడిగింది. అంకెలున్నాక రంగెందుకని నేను అడ్డం తగిలాను. మొదటి గడికి నలభై ఒకటి, రెండోదానికి నలభై రెండు, మూడోదానికి నలభై మూడు అని వేస్తే ఏ గడి ఏదో అందరికీ తెలుస్తుందన్నాను. అర్జీ పెడితే ఆలస్యమవుతుందని విఠల్ గారు కూడా అన్నారు. ఒక పెద్ద కంపెనీ ఇలాంటి పనిలోనే ఉందని ఆయనకు సమాచారం. దరఖాస్తు ఎవరిది ముందు చేరితే హక్కు వాళ్లది.

కోమలి నా వైపు తిరిగింది. "మీకు నమ్మకమేనా, పైడిరాజు గారూ?" అని అడిగింది.

"నా చెయ్యి మీద నాకు నమ్మకమే అమ్మా," అన్నాను.

రంగుల పట్టికను నలుపు తెలుపుల్లో ఫొటో తీసుకుని, ఏ గడి ఎంత చిక్కగా ఉందో చూసి, ఆ లెక్కన చుక్కలు పెట్టాను. పసుపు గడి పలచగా వచ్చింది. ఎరుపు గడీ ఆకుపచ్చ గడీ ఒకటే చిక్కదనంలో వచ్చాయి. అంటే కాగితం మీద మొదటి గడికీ మూడో గడికీ తేడా లేదు, అంకె తప్ప. అది నేను చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. ఒక్క క్షణం పెన్ను ఆపి, అంకెలున్నాయి కదా అనుకుని, మళ్లీ చుక్కలు పెట్టుకుంటూ పోయాను. ఇన్నాళ్లకు ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆ ఒక్క క్షణం కోసమే.

*

దరఖాస్తు వెళ్లిన రెండు నెలలకు తాళ్లను మూడు ఊళ్లలో కట్టి చూడాలనుకున్నారు. మూడింటిలో ఒకటి బొడ్డవలస. కోమలి రంగుల పట్టికలు అచ్చు వేయించి తెచ్చింది. విఠల్ గారు ఆపేశారు. దరఖాస్తులో ఉన్నదానికి మించి ఒక్క ముక్క కూడా కాగితం మీద బయటికి వెళ్లకూడదన్నది ఆయన నియమం. అదే ఆయన వృత్తి, అలా ఆపడం వల్లే చాలామంది హక్కులు నిలబడ్డాయి. దరఖాస్తులో ఉన్నది నా నాలుగో బొమ్మ. కాబట్టి ఊళ్లకు వెళ్లేది నా నాలుగో బొమ్మే. ఏ గడికి ఏం చేయాలో నోటితో చెప్పుకోవచ్చు. నేనే కూర్చుని మూడు వందల జెరాక్సులు తీశాను. నా బొమ్మ మా ఊరికి వెళ్తోందని ఒకటే సంబరం.

రెండు ఊళ్లకు కోమలి వెళ్లింది. మా ఊరి సంగతి నేను చూసుకుంటానన్నాను. బడి వరండాలో మగవాళ్లందరినీ కూర్చోబెట్టి తాళ్లు కట్టించి, కాగితాలు పంచి, నలభై ఒకటైతే మంచిది, నలభై రెండైతే జాగ్రత్త, నలభై మూడైతే ఆస్పత్రి అని చెప్పాను. వారానికొకసారి దాలమ్మ ఇంటింటికీ వెళ్లి, తాడును కాగితంతో పోల్చి చూసి, రిజిస్టరులో అంకె రాయాలి. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆరోగ్య కార్యకర్త అయినా, ఊరందరికీ సూదులు వేసినా, నా దగ్గర మాత్రం తలుపు చాటునే ఉంటుంది. ఆ రోజు ఇంట్లో నేను అన్నం తింటుంటే తలుపు వెనక నుంచి భర్తతో అంది. "ఏ అంకెకి ఏ రంగో కూడా సెప్పమను బావ గార్ని."

సూరప్పడు నా వైపు చూశాడు. "అంకె చూసుకుంటే చాలు," అన్నాను నేను. చేపల పులుసు బాగుంది. ఇంకాస్త వేయించుకున్నాను.

నాలుగు నెలలకు సూరప్పడి తాడు పసుపురంగుకు వచ్చింది. దాలమ్మ గడులన్నీ చూసి, పలచగా ఉన్నది ఇదేనని నలభై రెండు అని సరిగ్గానే రాసింది. భర్తను ఎండకు పోనివ్వలేదు, నీళ్లు తాగించింది. నెల తిరిగేసరికి తాడు ఆకుపచ్చగా మారింది. మళ్లీ కాగితం తీసింది. నలభై ఒకటీ నలభై మూడూ ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు ఆమె రైతు బిడ్డ ఆలోచించినట్టే ఆలోచించింది. వరిచేను పసుపుబారిందంటే జబ్బు. మందు పడ్డాక ఆకుపచ్చగా తిరిగిందంటే తేరుకున్నట్టు. ఎరుపు కొత్త తాడు రంగే అనుకుంది. రిజిస్టరులో నలభై ఒకటి అని రాసింది. ఆ సాయంత్రం సూరప్పడు నాకు ఫోను చేసి, తాడు మళ్లీ మంచిగా అయిపోయిందట, దాలమ్మ చెప్పింది అని సంతోషంగా అన్నాడు. ఏ రంగులో ఉందని నేను అడగలేదు. తోట పనికి వెళ్తున్నానన్నాడు, మంచిదన్నాను.

ఏడు వారాల తర్వాత నాకు ఒక ఫోను వచ్చింది. ఆ గొంతును ఇరవై రెండేళ్లుగా తలుపు వెనక నుంచే విన్నాను, అందుకే మొదట పోల్చుకోలేదు.

"బావ గారూ, నలభయ్యొకటని రాసినానండి," అంది దాలమ్మ. "ఏడు వారాలూ అదే రాసినాను. మీ కాయితం సూసే రాసినాను."

మిగతాది తర్వాత తెలిసింది. సూరప్పడికి పాదాలు ఉబ్బి, ఆయాసం వచ్చి, టౌను ఆస్పత్రిలో చేర్చారు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ మీద బతకాలి. వాడికి నలభై ఆరేళ్లు.

*

ఆ మర్నాడే కోమలి, నేను మూడు ఊళ్లూ తిరిగాం. ఇంటింటికీ వెళ్లి నా జెరాక్సులు వెనక్కి తీసుకుని రంగు పట్టికలు ఇచ్చాం. విఠల్ గారు ఈసారి అడ్డు చెప్పలేదు, పైగా అచ్చు కాగితాలు ఆయనే మోసుకొచ్చి కారులో పెట్టారు. మిగతా రెండు ఊళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడ కోమలి రంగులు నోటితో చెప్పింది. తప్పు జరిగింది నేను చెప్పిన ఊళ్లోనే, అదీ మా ఇంట్లోనే.

కోమలి నన్ను తిడితే బాగుండేది. కారులో వస్తూ, అప్పుడు తాను ఇంకాస్త గట్టిగా పట్టుబట్టాల్సిందని మాత్రం అంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ముసలివాళ్లు ఏడిస్తే బాగుండదని నాకు తెలుసు, అయినా ఆపుకోలేకపోయాను.

సూరప్పణ్ని చూడటానికి ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. దాలమ్మ అన్నం వండి, పెట్టించి, తలుపు వెనకే ఉండేది. భర్తచేత కూడా నాకు ఏ మాటా చెప్పించేది కాదు. అది ఆచారమో కోపమో తేల్చుకోలేక, పెట్టిన అన్నం తిని వచ్చేవాణ్ని.

ఆ చలికాలంలో పేటెంటు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగో బొమ్మలో మొదటి గడి, మూడో గడి ఒక్కలాగే ఉన్నాయని, ఈ పరికరం రోగాన్ని ఎలా చూపుతుందో బొమ్మను బట్టి తెలియడం లేదని అందులో ఉంది. రాతలో కూడా విఠల్ గారు నాలుగో బొమ్మలో చూపినట్టు అని రాసి వదిలేశారు. నా బొమ్మల మీద ఆయనకు అంత గురి. ఉత్తరం చదివి ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇప్పుడు రంగు బొమ్మ ఇవ్వొచ్చు కదా అని కోమలి అడిగింది. ఇవ్వకూడదని ఆయన వివరించారు. దరఖాస్తు పెట్టిన రోజున కాగితం మీద లేనిదాన్ని తర్వాత చేర్చడానికి లేదు. చేర్చాలంటే కొత్తగా పెట్టుకోవాలి, అప్పుడు తేదీ కొత్తదవుతుంది. మనం పెట్టిన నాలుగు నెలలకు ఆ పెద్ద కంపెనీ రంగు మారే చేతిపట్టీకి దరఖాస్తు పెట్టింది, వాళ్లు రంగు బొమ్మలే ఇచ్చారు. మనది పడిపోతే వాళ్లది నిలబడుతుంది. నిలబడితే ఊళ్లకు తాళ్లు పంచే హక్కు కోమలికి ఉండదు. ఆ కంపెనీ చేతిపట్టీ బొడ్డవలసదాకా వస్తుందని మాలో ఎవరికీ నమ్మకం లేదు.

నేను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. తమ్ముడి కిడ్నీలు పోయాయి. ఇప్పుడు ఊరి చేతిలోంచి ఆ తాడే పోబోతోంది. రెండూ నా చుక్కల వల్లే. పెన్ను కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. పారేయలేదు. ఈ గొడవను సరిచేయడానికి నాకు చేతనైన పని అదొక్కటే.

*

ఆ ఆదివారం బొడ్డవలస వెళ్లేసరికి సూరప్పడు అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నాడు. తోట పని చేయలేడు, ఊరికే కూర్చోలేడు. ఒక పాయ మామూలు పీచు, రెండోది నల్లటి పాత పీచు. రెండూ కలిపి పురి పెడుతుంటే తాడు పొడవునా ఏటవాలు చారలు వస్తున్నాయి. నేను చూస్తూ నిలబడిపోయాను. చెప్పులు కూడా విప్పలేదు.

కోసిన భాగం చూపడానికి నేను రోజూ గీసేవి అవే గీతలు. ఏ రంగు తాడైనా చార చారే. జెరాక్సు తీసినా చారే, రంగుల తేడా తెలియనివాడి కంటికీ చారే. ఒక పాయ ఎప్పటికీ ఎర్రగానే ఉండి, రెండో పాయ మాత్రం రంగు మారితే? మనిషి బాగున్నన్నాళ్లు తాడంతా ఒకటే ఎరుపు, సాదాగా ఉంటుంది. జబ్బు మొదలైతే చారలు పడతాయి. ఏ రంగు మంచిదో, ఏ రంగు చెడ్డదో ఎవరూ గుర్తుంచుకోనక్కర్లేదు.

సూరప్పడికి చెబితే నవ్వాడు. "నీకు గీతలు తప్ప ఏటీ కనపడవు గదన్నా," అన్నాడు. వాడు నవ్వి ఆరు నెలలైంది.

అక్కడి నుంచే కోమలికి ఫోను చేశాను. ఆవిడ అంతా విని, సోమవారం పొద్దున్నే ప్రయోగశాలకు రమ్మంది.

చెప్పినంత సులువుగా కాలేదు. రంగు మారే పాయ పక్క పాయకు అంటుకుని తాడంతా బురదరంగుకు వచ్చేది. పాయలకు మైనం పూస్తే చెమట పట్టలేదు. పటికలో నానబెడితే నాలుగు రోజులు నిలిచి అయిదోరోజు కారిపోయింది. పది రకాలు పాడయ్యాయి. ఆఫీసు కాగానే నేనూ అక్కడికే వెళ్లి, ఏ తాడులో చార ఎంత స్పష్టంగా ఉందో కొలిచి రాసేవాణ్ని. పాత దరఖాస్తుకు జవాబు గడువు దగ్గర పడుతోందని విఠల్ గారు వారం వారం గుర్తుచేసేవారు. కోమలి మళ్లీ రంగు ఉడికించేది. పదకొండోసారి, ఎర్ర పాయకు ముందు పటిక పట్టించి, జీడిగింజ పైపొర కషాయంలో ముంచి ఆరబెట్టాక, రంగు అంటలేదు.

ఆ తాడును సూరప్పడికే కట్టాం. డయాలసిస్‌కు ముందు రోజుకు చారలు స్పష్టంగా తేలాయి. డయాలసిస్ అయిన మర్నాటికి మసకబారి, ఆ పైరోజుకు దాదాపు పోయాయి. తర్వాతి డయాలసిస్ దగ్గర పడేసరికి మళ్లీ వచ్చాయి. పాత తాడు ఒకసారి మారితే మారిందే. కొత్తదానిలో పాయ సన్నం కాబట్టి, మంచి చెమట తగిలితే తేరుకుంటోందని కోమలి చెప్పింది. వాడి నడుం మీద తాడు ఊపిరి పీలుస్తున్నట్టుంది. వాడు పదిమందికీ చొక్కా ఎత్తి చూపిస్తూ తిరిగాడు.

విఠల్ గారు రెండు కాగితాలు బల్ల మీద పెట్టారు. ఒకటి పాత దరఖాస్తుకు ఇవ్వగల జవాబు. అది పంపితే రెండేళ్లు వాదించుకోవచ్చు, గెలుస్తామన్న నమ్మకం లేదు. రెండోది చారల తాడుకు కొత్త దరఖాస్తు. దాని తేదీ ఇవాళ్టిదే, కానీ చారల సంగతి ఆ కంపెనీ దగ్గర లేదు. పాతదాన్ని పట్టుకుని వేలాడితే రంగు ఒక్కటే కనిపెట్టామని మనమే చెప్పుకున్నట్టవుతుందన్నారు. కోమలి ఏడేళ్ల పని ఆ పాత కాగితంలో ఉంది. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, కొత్తదాని మీద సంతకం చేసింది.

"బొమ్మలు ఎన్నాళ్లలో ఇస్తారు, పైడిరాజు గారూ?" అని అడిగింది.

"వారం," అన్నాను. "రంగు కావాలంటే అర్జీ నేనే రాసిస్తాను."

"ఈసారి అక్కర్లేదు," అంది ఆవిడ.

*

ఆ బొమ్మలు గీసినంత శ్రద్ధగా ఇంకేవీ గీయలేదు. చుక్క అనేది ఎక్కడా లేదు, అన్నీ గీతలే. మొదటి బొమ్మ ఆరోగ్యంగా ఉన్న మనిషి తాడు, సాదాగా. రెండో బొమ్మ సూరప్పడి తాడు, డయాలసిస్‌కు ముందు రోజుది, చారలతో. మొదటిదానికి నమూనాగా ఉండాలని పదిహేను రోజులుగా నేనే ఒక తాడు కట్టుకు తిరుగుతున్నాను. యాభై తొమ్మిదేళ్లొచ్చినా జ్వరమంటూ మంచమెక్కినవాణ్ని కాను. గీసేటప్పుడు మాత్రం చొక్కా ఎత్తి చూసుకోవడం ఎందుకని కండెకు చుట్టి ఉన్న కొత్త తాడును ముందు పెట్టుకుని గీసేశాను.

గీశాక జెరాక్సు తీశాను. ఆ జెరాక్సుకు జెరాక్సు, దానికి మళ్లీ జెరాక్సు, అలా పదిసార్లు. పదోదానిలో కాగితమంతా మరకలు పడ్డాయి, అంకెలు చెదిరిపోయాయి. చారలు మాత్రం ఉన్నాయి. ఆ పదో కాగితం తీసుకుని ఆదివారం బొడ్డవలస వెళ్లాను. దరఖాస్తు వెళ్లేముందు ఒక్క మనిషి దాన్ని చదవాలి. ఆ మనిషి ఎవరో మా ముగ్గురికీ తెలుసు.

సూరప్పడి చేత కాగితం లోపలికి పంపించాను. ఏ వివరమూ చెప్పొద్దని, రెండు తాళ్లు ఇస్తాం, ఏది ఏ బొమ్మో చెబితే చాలని అన్నాను. ఒప్పుకోదేమో అనుకున్నాను. తర్వాత ఒక స్టీలు పళ్లెం గడపలోకి వచ్చింది. తాళ్లు అందులో పెట్టమని సూరప్పడు అన్నాడు. వాడు తన తాడు విప్పి పెట్టాడు. నేను పక్క గదిలోకి వెళ్లి నాది విప్పి తెచ్చి, వాడి తాడు పక్కన పెట్టాను.

పళ్లెం లోపలికి వెళ్లింది. మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. వీధిలో ఎవరో జీడిపిక్కలు కాలుస్తున్నారు, ఆ పొగ కళ్లకు తగులుతోంది. దాలమ్మ కిటికీ దగ్గర వెలుతురుకు కూర్చుని చూస్తోందని సూరప్పడు చెప్పాడు. చాలాసేపు పట్టింది. నా బొమ్మ మళ్లీ అర్థం కాలేదని భయం పట్టుకుంది. అర్థం కాకపోతే ఇంక పెన్ను ముట్టుకోనని అక్కడే నిశ్చయించుకున్నాను.

తలుపు తీసుకుని దాలమ్మ బయటికి వచ్చింది. చేతిలో పళ్లెం, చంకలో రిజిస్టరు. నేను లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్లలో ఆమె నా ఎదుటికి రావడం అదే మొదటిసారి.

"ఇది ఈయనిది. రెండో బొమ్మ," అంది భర్త తాడు చూపించి. తర్వాత నా తాడును వేలికి తగిలించుకుని పైకెత్తింది. "ఇది మొదటి బొమ్మ కాదండి, బావ గారూ. సన్నంగా చారలున్నాయి. దానికీ దీనికీ మద్దెన ఉన్నాది."

అది నాదని, సాదా తాడేనని నవ్వుతూ చెప్పబోయాను. ఆమె నవ్వలేదు. తాడును కాగితం పక్కన పరిచి పట్టుకుంది. నేను కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. ఎర్రటి తాడు మీద, ఎరుపులో కలిసిపోతూ, పలచగా పసుపు గీతలు. ఒక్కొక్కటీ ఏటవాలుగా, ఒకే దూరంలో. పదిహేను రోజులు నా ఒంటినే ఉన్నా నేను చూసుకోలేదు. నాకేమిటి, నేను బాగానే ఉన్నాను అనుకున్నాను.

ఇరవై ఏళ్లు ఆ ఊరి నీళ్లే తాగాను కదా. మళ్లీ అరుగు మీద కూర్చున్నాను. సూరప్పడు నా చెయ్యి పట్టుకున్నాడు. మొదట్లోనే తెలిసింది గనక ఇంకేం భయం లేదని, తనలా కాదని, వాడే నాకు ధైర్యం చెప్పాడు. వాడు చెబుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కాసేపటికి నాకు ఇంకో సంగతి తట్టింది. నా బొమ్మలు తప్పు. రెండు కాదు, మూడుండాలి. సాదాది ఒకటి, నాది రెండోది, తమ్ముడిది మూడోది. ఈసారి కండె మీది తాడు చూసి కాదు, నా తాడే ముందు పెట్టుకుని గీయాలి. చారలు ఎంత పలచగా ఉన్నాయో అంత పలచగా, ఎంత దూరంలో ఉన్నాయో అంత దూరంలో. దరఖాస్తు నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదని కోమలికి చెప్పాలనుకున్నాను.

దాలమ్మ అరుగు మీద, నాకు కొంచెం దూరంలో కూర్చుంది. రిజిస్టరు తెరిచి కొత్త పేజీలో గీత కొట్టింది. పెన్ను ఒక క్షణం ఆపింది. తర్వాత నిదానంగా ఒక్కొక్క అక్షరమూ రాసింది. రాసి, పుస్తకం నా వైపు తిప్పింది.

"సరిగ్గా రాసినానా, సూడండి," అంది.

కళ్లజోడు మసకగా ఉంటే తుడుచుకుని చూశాను. పైడిరాజు, యాభై తొమ్మిది ఏళ్లు, సన్న చారలు, రేపే ఆస్పత్రికి, అని ఉంది.

"సరిగ్గానే రాశావమ్మా," అన్నాను.